కనుమకు వీగన్ కోడలు వస్తోంది, భోజనానికి ముందు ఏం పెట్టాలి?

నమస్తే అండీ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కనుమ రోజు మీ అబ్బాయి, కోడలు బెంగళూరు నుంచి వస్తున్నారు. వియ్యాలవారితో కలిపి మొత్తం 16 మంది. కోడలు ఏడాదిగా వీగన్. మాంసం, గుడ్డే కాదు, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టదు. భోజనానికి ముందు అందరూ కబుర్లు చెప్పుకుంటూ తినడానికి ఏం చెయ్యాలి, వీగన్ పనీరు, వీగన్ మయొనైజ్ లాంటివి ఆన్‌లైన్‌లో తెప్పించాలా అని అడిగారు. మోకాళ్ళ నొప్పి వల్ల పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేనని కూడా రాశారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఏమీ తెప్పించకండి. మినప గారెలు అల్లం పచ్చడితో, అనపగింజల గుగ్గిళ్ళు (దొరక్కపోతే శనగలు), పెనం మీద కాల్చిన చిలగడదుంప ముక్కలు, ముందే చేసిపెట్టుకున్న చెక్కలు చిక్కటి పల్లీ నువ్వుల చట్నీతో. ఈ నాలుగూ చాలు. ఇందులో ఆ రోజు మూకుడు పెట్టాల్సింది గారెలకు ఒక్కదానికే. మిగతా మూడూ ముందు రోజో, పొద్దున్నో చాలావరకు అయిపోతాయి. ఇంకో మాట, ఈ నాలుగూ 16 మందికీ అవే పెట్టండి. కోడలికి విడిగా ఒక ప్లేటు వద్దు.

నేను గుంటూరులో చిన్న కేటరింగ్ నడుపుతాను. గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు, పుట్టినరోజులు, ఇళ్ళల్లో జరిగేవే ఎక్కువ. ఈ మధ్య ప్రతి సీజన్లోనూ ఒకరో ఇద్దరో వీగన్ అతిథులు తగులుతున్నారు. చాలామంది అమ్మలు మీలాగే టెన్షన్ పడుతూ ఫోన్ చేస్తారు, ‘నెయ్యి లేకుండా వంటేమిటండీ’ అని. నిజానికి మన చిరుతిళ్ళలో సగానికి పైగా మొదటినుంచీ పాలతో పని లేనివే. బియ్యప్పిండి, పప్పులు, నువ్వులు, పల్లీలు, నూనె, కొబ్బరి, చింతపండు. వీటిలో వెన్నో నెయ్యో పెరుగో ఎక్కడ దూరుతుందో తెలుసుకుని అక్కడ ఆపితే పని అయిపోతుంది.

వీగన్ పనీరు ఎందుకు వద్దన్నానో కూడా చెప్తాను. ఒక రిసెప్షన్‌కి పెళ్ళివారు పట్టుబట్టి అలాంటి పనీరుతో టిక్కా చేయించారు. ఖరీదు మామూలు పనీరు కంటే చాలా ఎక్కువ. తిన్నవాళ్ళు ‘ఇది పనీరులా లేదే’ అన్నారు. పాలు మానేసి చాలాకాలమైన అమ్మాయి ఒకామె ‘నాకసలు పనీరు గుర్తు రావడమే ఇష్టం లేదు’ అని పక్కనున్న మిరపకాయ బజ్జీల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ బజ్జీలు శనగపిండి, వాము, చింతపండు, నూనె. వాటిని ఎవరూ వీగన్ వంటకం అని పిలవలేదు, అవి మాత్రం ముందు ఖాళీ అయ్యాయి. ఒకదానికి నకలు చేసి పెడితే తినేవాళ్ళు అసలుతో పోల్చి చూస్తారు. గారెను దేనితోనూ పోల్చరు.

ఇక ఒక్కొక్కటీ.

గారెలు

కనుమ నాడు మినుము తినాలి అంటారు కాబట్టి మీరు ఎలాగూ గారెలు వేస్తారు. మిగతావాళ్ళు భోజనంలో నాటుకోడి కూరతోనో, మాంసం కూరతోనో తింటారు. ఆ పిండిలోంచే మొదటి వాయిలు ముందు తిప్పండి. అదనపు పని ఏమీ లేదు. కిలో మినపగుళ్ళకు మామూలు సైజువి 50 పైచిలుకు వస్తాయి. ముందు తినడానికి మనిషికి రెండు, భోజనంలోకి ఒకటో రెండో లెక్కేసుకుంటే కిలోతో మొదలుపెట్టి, పావు కిలో అదనంగా నానబెట్టుకుంటే నిశ్చింత.

గారెల గురించి మీకు నేను చెప్పేదేముంది గానీ, నాకు ముఖ్యమనిపించినవి నాలుగు మాటలు. మినపగుళ్ళు 3 నుంచి 4 గంటలు నానితే చాలు. రాత్రంతా నానబెడితే నీళ్ళు ఎక్కువ పీల్చి, పిండి జారుగా అయ్యి, గారె నూనె తాగుతుంది. రుబ్బేటప్పుడు చల్లటి నీళ్ళు చెంచాలతో చిలకరించండి, పొయ్యకండి. గ్రైండరైతే మంచిది. మిక్సీ వేడెక్కితే పిండి గట్టిపడి గారె బిరుసెక్కుతుంది, అందుకే మిక్సీలో వేస్తే ఆపి ఆపి తిప్పాలి. నలిగిన పిండిని చేత్తో ఒకే వైపు బాగా గిలకొట్టి, గిన్నెడు నీళ్ళలో చిన్న ఉండ వేసి చూడండి. తేలితే సరిపోయినట్టు. ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు వేయించే ముందే కలపాలి. ముందే కలిపితే నీరు వదిలి పిండి పలచబడుతుంది.

కొందరు గారె మెత్తగా రావాలని పిండిలో గరిటెడు పెరుగు కలుపుతారు. మీకా అలవాటుంటే ఈసారి మానేయండి, ఏం తేడా రాదు. బాగా గిలకొట్టిన పిండికి పెరుగుతో పనే లేదు.

ఇప్పుడు కనుమ రోజుకే ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి. ఆ రోజు వంటింట్లో కోడో, మాంసమో, చేపలో ఉంటాయి. గారెలు కొత్త నూనెలో, అన్నిటికంటే ముందు వేయించండి. చికెన్ వేపుడు వేసిన మూకుడులో, అదే నూనెలో గారెలు వేస్తే అవి ఆ అమ్మాయి తినదు. తినేస్తుందేమో అని మనం అనుకోవడం కూడా న్యాయం కాదు. జల్లిగరిటె కూడా వేరేది పెట్టుకోండి. మూత పెట్టే పళ్ళెం, నూనె వంచే గిన్నె, ఇలాంటివే అందరూ మర్చిపోయేది.

పక్కన పెరుగు పచ్చడి బదులు అల్లం పచ్చడి. అల్లం, చింతపండు, బెల్లం, ఎండుమిర్చి, ఉప్పు, నూనె పోపు. రెండు రోజుల ముందే చేసి పెట్టుకోవచ్చు, ఊరితే ఇంకా బాగుంటుంది. ఆవడలు చెయ్యాలని మాత్రం పెట్టుకోకండి. జీడిపప్పు పెరుగు, కొబ్బరిపాల పెరుగు అంటూ మన ఆవడలు చెయ్యొచ్చు గానీ, దానికి అలవాటైన చెయ్యి కావాలి. పండగ రోజు ప్రయోగాలు చేసే రోజు కాదు.

మోకాళ్ళ సంగతి: పొయ్యి ఎత్తుకు సరిపడే స్టూలు వేసుకుని కూర్చుని వేయించండి. గారె తట్టేపని ఇంకొకరికి అప్పగించండి. తట్టేవాళ్ళు ఒకరు, తిప్పేవాళ్ళు ఒకరు ఉంటే కిలో పిండి చకచకా అయిపోతుంది. మీ కోడలినే తట్టమనండి. ఆ మూకుడులో ఏం పడుతోందో తన కళ్ళతో చూస్తే ఇక ఏదీ అడగాల్సిన అవసరమే ఉండదు. అత్తగారిని పట్టుకుని ‘ఇందులో నెయ్యి వేశారా’ అని పదిసార్లు అడగడం ఆ అమ్మాయికీ ఇబ్బందే కదా.

గారెలు బొత్తిగా వద్దనుకుంటే శనగపప్పు మసాలా వడలు వెయ్యండి. పప్పు రెండు గంటలు నాని, నీళ్ళు పూర్తిగా వడకట్టి, గుప్పెడు పప్పు పక్కకు తీసి, మిగతాది నీళ్ళు పోయకుండా బరకగా రుబ్బి, తీసిన పప్పు కలపాలి. మసాలా వడలకు ఒక సుఖం ఉంది. పొద్దున్నే ముప్పావు వంతు వేయించి తీసేసి, అతిథులు వచ్చాక మళ్ళీ బాగా కాగిన నూనెలో రెండు నిమిషాలు వేస్తే కరకరలాడుతూ కొత్తవాటిలా ఉంటాయి. కేటరింగ్‌లో మేం చేసేది అదే. మినప గారెలకు ఈ పద్ధతి నాకు నచ్చదు, రెండోసారి నూనెలో పడితే పైపెచ్చు బిరుసవుతుంది.

వేయించేది ఏదైనా ఒక్కటే పెట్టుకోండి. గారెలతోపాటు మిరపకాయ బజ్జీ, అరటికాయ బజ్జీ, పకోడీ కూడా వేద్దామని చెయ్యి లాగుతుంది, పైగా అవీ వీగనే. కానీ పన్నెండింటికి బజ్జీలు తిన్నవాళ్ళు ఒంటిగంటకు మీ పులిహోర, ముద్దపప్పు ఏం తింటారు? పొయ్యి దగ్గర మీ గంట గంటన్నర అవుతుంది, అంతే.

గుగ్గిళ్ళు

నా లెక్కలో మీ సమస్యకు అన్నిటికంటే మంచి జవాబు ఇదే, గారెలకంటే కూడా. జనవరి అంటే అనపకాయల కాలం. మా వైపు గుంటూరు, కృష్ణా జిల్లాల్లో కొంచెం వెతకాలి. చిత్తూరు, అనంతపురం వైపు, తెలంగాణలో తేలిగ్గా దొరుకుతాయి. మీ అబ్బాయి వచ్చేది బెంగళూరు నుంచి కాబట్టి ఇంకా సుళువు. అక్కడ అవరెకాళు అని ఈ నెలలో ఏ బజారులో చూసినా కుప్పలు పోసి అమ్ముతారు, వలిచిన గింజలు కూడా దొరుకుతాయి. బయల్దేరే ముందు రోజు కిలోన్నర వలిచినవి తెమ్మనండి. గాలి ఆడే గుడ్డసంచిలో తెస్తే ప్రయాణానికి పాడవవు. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి.

పచ్చిగింజలు ఉప్పు, చిటికెడు పసుపు వేసి కుక్కర్లో రెండు కూతలు. మరీ ముదురువైతే మూడు. నీళ్ళు వంచేసి (ఆ నీళ్ళు పారబొయ్యకండి, చారులో బ్రహ్మాండంగా ఉంటాయి) వేరుశనగ నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దండిగా కరివేపాకు, ఇంగువ పోపు వేసి గింజలు కలపండి. దించాక పచ్చికొబ్బరి తురుము, నిమ్మరసం. చల్లారినా రుచి తగ్గదు, అందుకే పొద్దున పదింటికే చేసి మూతపెట్టేసి మర్చిపోవచ్చు. కొబ్బరి, నిమ్మరసం మాత్రం పెట్టే ముందు కలపండి.

అనపగింజలు దొరక్కపోతే పచ్చి కందికాయలు తొక్కతోనే ఉప్పునీళ్ళలో ఉడకబెట్టి, పళ్ళెంలో పోసి మధ్యలో పెట్టండి. వలుచుకుంటూ తినడంలో మాటలు బాగా సాగుతాయి. కొత్తగా కలిసిన వియ్యాలవారికి చేతులకు ఏదో ఒక పని ఉండటం మంచిదే. అదీ లేకపోతే నల్లశనగలు రాత్రి నానబెట్టి, నాలుగైదు కూతలు వచ్చాక ఇదే పోపు. 16 మందికి ఎండు శనగలు 700 గ్రాములు చాలు, నానితే రెండింతలు అవుతాయి.

నెయ్యి చొరబడేది సరిగ్గా ఇక్కడే. ఒక గృహప్రవేశంలో మా కుర్రాళ్ళు గుగ్గిళ్ళు శుభ్రంగా నూనె పోపుతో చేసి బల్లమీద పెట్టారు. ఇంటి పెద్దావిడ వచ్చి, పాపం ప్రేమకొద్దీ, ‘పొడిపొడిగా ఉన్నాయేమిటర్రా’ అని కాచిన నెయ్యి గరిటెడు పోసి కలిపేసింది. ఆవిడకు ఎవరూ చెప్పలేదు. అప్పటినుంచి నేను వీగన్ అతిథులున్న ఇంట్లో మొదట అడిగేది నెయ్యి గిన్నె ఎక్కడుంటుంది, ఎవరి చేతిలో ఉంటుంది అని. భోజనాల దగ్గర వడ్డించేవాళ్ళలో ఒకరికి ఆ గిన్నె అప్పగించి, వంటింట్లోంచి తీసేయించండి. అడిగినవాళ్ళకి విస్తట్లో వేస్తారు. మీ అత్తగారో ఆడపడుచో ఉంటే వాళ్ళకి ముందురోజే చెప్పండి.

చిలగడదుంప

ఇది సీజన్లో చవక, తయారీ సులువు, పిల్లలకి ఇష్టం. ముందు రోజు రాత్రి దుంపలు తొక్కతోనే ఆవిరి మీద ఉడికించండి. సైజును బట్టి 15 నుంచి 20 నిమిషాలు. చాకు దిగాలి గానీ దుంప చిదిమిపోకూడదు. చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రంతా చల్లబడ్డ దుంప మర్నాడు కోసినా విరగదు, పెనం మీద ముద్ద కాదు. వేడిమీద కోసినవాళ్ళు హల్వా చేసుకోవాల్సి వస్తుంది.

మర్నాడు తొక్క తీసి అర అంగుళం మందాన చక్రాలు కోసి, పెనం మీద కొంచెం నూనెతో రెండువైపులా ఎర్రగా కాల్చండి. పైన ఉప్పు, కారం, వేయించిన నువ్వుల పొడి చల్లి నిమ్మకాయ పిండండి. తీపి, కారం, పులుపు కలిసి బాగుంటుంది. 16 మందికి కిలోన్నర దుంపలు సరి. పుల్లలు గుచ్చి పెడితే చేతులకు అంటకుండా తింటారు.

మా దగ్గర కొందరు దీనిమీద తేనె చుక్కలు వెయ్యమంటారు. తేనె కూడా వీగన్లు తినరని చాలామందికి తెలియదు. మీకు తెలుసు కాబట్టి సరే. తియ్యదనం ఎక్కువ కావాలంటే లేత బెల్లంపాకం రెండు చెంచాలు చాలు.

చెక్కలు, పల్లీ నువ్వుల చట్నీ

పండక్కి చెక్కలో జంతికలో ఎలాగూ చేస్తారు. అసలు చిక్కు ఇక్కడుంది, ఎందుకంటే గుల్లగా రావాలని పిండిలో వెన్న కలుపుతారు. వెన్న బదులు కాగిన నూనె పోయండి. కిలో బియ్యప్పిండికి 100 గ్రాముల వెన్న వేసేవాళ్ళయితే 80 మిల్లీలీటర్ల నూనె సరిపోతుంది. ఎందుకు తగ్గించాలంటే వెన్నలో కొవ్వు 80 శాతం చిల్లర, మిగతాది చాలావరకు నీరే. నూనెలో అంతా కొవ్వే. లెక్క తప్పి 100 పోశారంటే చెక్క నూనెలో వేయగానే విడిపోతుంది. వేడి నూనె పోసి గరిటెతో కలిపి, కొంచెం చల్లారాక చేత్తో పిండిని రెండు అరచేతుల మధ్య నలిపినట్టు కలపాలి. గుప్పెట్లో పట్టి నొక్కితే ఉండకట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. ఆ తరవాతే నానబెట్టిన పెసరపప్పు, పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర ముద్ద, కరివేపాకు, నువ్వులు, ఉప్పు వేసి, వేడినీళ్ళతో కలపండి.

సంక్రాంతికి తెలంగాణ బంధువులెవరైనా సకినాలు పంపితే అవి ఇంకా మేలు. తడి బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు, అంతే. వెన్న ఊసే లేదు. దేంట్లో వేయించారో ఒక్కమాట అడిగితే చాలు.

స్వీట్ షాపులో కొన్న జంతికలైతే నేను వద్దంటాను. వెన్న మురుకులని బోర్డు పెడితే తెలుస్తుంది, పెట్టనివాటిలో ఏముందో కౌంటర్లో ఉన్నతనికి కూడా తెలియదు. ‘లేదు మేడమ్, ప్యూర్ వెజ్’ అంటాడు. అతని తప్పు కాదు, మనం అడిగిన ప్రశ్నకి అతనికి తెలిసిన జవాబు అదే.

చట్నీకి: పల్లీలు 200 గ్రాములు సన్నటి సెగమీద వేయించి పొట్టు తియ్యండి. నువ్వులు 100 గ్రాములు చిటపటలాడగానే దించెయ్యండి, ఇంకాస్త ఉంచితే చేదొస్తుంది. ఎండుమిర్చి ఏడెనిమిది, నిమ్మకాయంత చింతపండు, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, ఉప్పు. నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ మెత్తగా, చెంచాలోంచి జారనంత చిక్కగా రుబ్బండి. ఇడ్లీ చట్నీలా పల్చగా చెయ్యకండి. పల్లీ, నువ్వుల్లో ఉండే నూనె వల్లే ఆ కమ్మదనం, నునుపు వస్తాయి. మయొనైజ్ కోసం వెతికేవాళ్ళకి కావాల్సింది ఆ నునుపే. రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. పొద్దునకి ఇంకా బిగుస్తుంది, రెండు చెంచాల నీళ్ళు కలపండి.

దీన్ని గిన్నెలో మధ్యలో పెట్టి, చుట్టూ చెక్కలు, పొడుగ్గా కోసిన క్యారెట్, కీరా, లేత ముల్లంగి. బెంగళూరు పిల్లలు ముంచుకుని తింటారు. పెద్దవాళ్ళు చెక్కమీద కొంచెం చట్నీ రాసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర చల్లి తింటారు. ముందే రాసి పెట్టొద్దు, పది నిమిషాల్లో మెత్తబడిపోతాయి.

ఇంత ఓపిక లేకపోతే విశాఖ బీచ్‌లో అమ్మే ముంత మసాలా లాంటిది కలపండి. మరమరాలు, వేయించిన పల్లీలు, ఉల్లి, టమాటా, పచ్చిమిర్చి, నిమ్మరసం. ఐదు నిమిషాల పని. కాకపోతే కలిపిన వెంటనే తినాలి.

కొనే సరుకుల్లో చూడాల్సినవి

ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి మోసపోకండి. అది శాకాహారమని మాత్రమే చెప్తుంది, పాలు, నెయ్యి ఉన్నా అదే చుక్క. వీగన్ ఆహారానికి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022లో వేరే నిబంధనలు, వేరే ముద్ర తెచ్చింది. ఆ ముద్ర లేనంత మాత్రాన వీగన్ కాదని కాదు. బియ్యప్పిండికి, నువ్వులకు ఎవరు ముద్ర వేస్తారు? ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా చివర, ఏవి పడకపోవచ్చో చెప్పే చోట పాల పేరుందేమో చూడండి. మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసీన్ అన్నా అవి పాల నుంచి వచ్చినవే. ఇన్‌స్టంట్ మిక్సులు, బ్రెడ్డు, మసాలా చల్లిన చిప్స్, కొన్ని రకాల మార్జరిన్ (వెన్నకు బదులు వాడేది), వీటిలో తరచుగా తగులుతాయి. ఉప్పు చిప్స్ సాధారణంగా ఇబ్బంది లేదు, అయినా వెనక చదివి కొనండి.

ఇంగువ గురించి కింద కామెంట్లలో ఎవరో అడిగారు. డబ్బాల్లో వచ్చే ఇంగువలో మైదానో గోధుమపిండో కలుస్తుంది. వీగన్‌కి దానితో సమస్య లేదు. గోధుమల్లో ఉండే గ్లూటెన్ పడనివాళ్ళు ఉంటేనే చూసుకోవాలి.

మైసూరు బజ్జీ సంగతీ అడిగారు. అందులో పెరుగే ప్రాణం, మానేయండి. అలాంటిదే కావాలంటే ఒకరోజు పులిసిన దోసెల పిండిలో కొంచెం బియ్యప్పిండి, ఉల్లి, పచ్చిమిర్చి కలిపి పునుగులు వెయ్యొచ్చు. పులుపు పిండిలోనే ఉంటుంది కాబట్టి పెరుగు అక్కర్లేదు. కానీ ముందే చెప్పాను, వేయించేది ఒక్కటే.

కోడలికి ఒక ఫోన్

ఇది నేను ప్రతి ఇంట్లోనూ చెప్తాను. పండక్కి వారం ముందు ఆ అమ్మాయికి ఫోన్ చేసి రెండే విషయాలు అడగండి. పల్లీలు, నువ్వులు, జీడిపప్పు లాంటివి ఏవైనా పడవా? మాంసం వండిన గిన్నెల్లో, శుభ్రంగా తోమిన తరవాత వండితే అభ్యంతరమా? మొదటిదానికి అవునంటే చట్నీని పుట్నాలపప్పు, కొబ్బరితో చెయ్యండి. రెండోదానికి అవునంటే ఒక మూకుడు, ఒక కుక్కరు ఆ రోజుకు విడిగా పెట్టుకోండి. వియ్యపురాలిని కూడా ఒకమాట అడగొచ్చు, కూతురికి ఏది ఇష్టమో ఆవిడకి తెలుస్తుంది. ఆవిడకి కూడా మనవాళ్ళు పట్టించుకుంటున్నారని సంతోషంగా ఉంటుంది.

‘ఇంత తతంగం ఎందుకు, కొంచెం నెయ్యి పడితే ఏమవుతుంది’ అనే చుట్టం ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. వాళ్ళతో వాదన పెట్టుకోకండి. అందుకే నాలుగూ అందరికీ ఒకటే పెట్టమన్నాను. బల్లమీద ఉన్నదంతా అందరిదీ అయినప్పుడు వీగన్ అన్న మాటే రాదు, చర్చే జరగదు.

పని వరస ఇలా పెట్టుకోండి. మూడు రోజుల ముందు చెక్కలు, రెండు రోజుల ముందు అల్లం పచ్చడి. ముందు రోజు సాయంత్రం పల్లీలు, నువ్వులు వేయించి చట్నీ, రాత్రి దుంపలు ఉడకబెట్టడం. శనగలైతే అవి నానెయ్యడం. కనుమ పొద్దున ఆరింటికి మినపగుళ్ళు నానపోసి, తొమ్మిదిన్నరకు రుబ్బడం. పదింటికి గుగ్గిళ్ళు. పదకొండున్నరకు ఒకరు దుంపలు కాలుస్తుంటే మీరు కూర్చుని గారెలు మొదలుపెట్టండి. మాంసం కూర వేరే పొయ్యిమీద, వీలైతే పెరట్లో.

చివరగా, మీరు అడగనిది ఒకటి ఉంది. కాఫీ. వాళ్ళు కారు దిగగానే మీరు చేసే మొదటి మర్యాద అదే, అక్కడే ఆ అమ్మాయి ‘వద్దండీ’ అనాల్సి వస్తుంది. సోయా పాలు తెచ్చి వేడి డికాక్షన్‌లో పోస్తే డికాక్షన్ పులుపుకి విరిగిపోవచ్చు. వాడాలనుకుంటే పాలు వేడిచేసి, డికాక్షన్‌ని కాస్త చల్లార్చి, పాలల్లోకి మెల్లగా పొయ్యండి. అంత అవసరం లేదంటాను నేను. అల్లం, సొంఠి, మిరియాలు, బెల్లం వేసి కాచిన కషాయం పెద్ద కెటిల్ నిండా పెట్టండి. జనవరి చలిలో మామూలుగా కాఫీ తాగేవాళ్ళు కూడా అదే అడుగుతారు. లేదా కొబ్బరినీళ్ళు, చెరుకురసం. చెరుకురసం బండివాడి దగ్గర తెప్పిస్తే ఐసు వెయ్యొద్దని చెప్పండి.

గారెలు మిగిలితే పెరుగులో వెయ్యడానికి చెయ్యి వెళ్తుంది. వాటిలో సగం పక్కకు తీసి, సాయంత్రం వేడివేడి చారులో నానబెట్టి పెట్టండి. పోపు నూనెతోనే వెయ్యండి.